ఆన్‌లైన్ తరగతికీ ప్రాంగణ తరగతికీ ఒకే ఫీజు ఉండాలా?

చర్చ ప్రారంభించినవారు:

విశ్వవిద్యాలయంలో ఒకే కోర్సును కొందరు ప్రాంగణానికి వచ్చి, మరికొందరు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చదువుతున్నప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే ట్యూషన్ ఫీజు వసూలు చేయడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. 2020లో కొవిడ్ వల్ల తరగతులు ఒక్కసారిగా ఆన్‌లైన్‌కు మారినప్పుడు అమెరికాలో హార్వర్డ్ తన ట్యూషన్ ఫీజును తగ్గించలేదు. ప్రిన్స్‌టన్ మాత్రం ఆ విద్యాసంవత్సరానికి 10 శాతం తగ్గించింది. పేరుప్రతిష్ఠల్లో ఒకదానికొకటి తీసిపోని రెండు సంస్థలు ఒకే పరిస్థితిలో ఇలా వేరువేరు నిర్ణయాలు తీసుకున్నాయంటే, ఈ విషయంలో అందరూ ఒప్పుకున్న సూత్రమేదీ లేదనే అనుకోవాలి. సభ్యులు తమ అభిప్రాయాలను కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

విద్యార్థిని:

ఆన్‌లైన్ తరగతులకు ఫీజు తప్పకుండా తగ్గించాలి. ప్రాంగణంలో చదివే వారికి గ్రంథాలయంలో కూర్చునే చోటు, ప్రయోగశాల, తోటి విద్యార్థుల సాంగత్యం, పాఠం అయ్యాక అధ్యాపకులతో నాలుగు మాటలు మాట్లాడే అవకాశం, ఇవన్నీ ఆ ఫీజులోనే అందుతాయి. తరగతి గదిలో పాఠం ముగిశాక బల్ల దగ్గరకు వెళ్లి, బోర్డు మీద ఇంకా చెరపని సమీకరణాన్ని చూపించి, ‘ఇక్కడ ఈ పదం ఎలా పోయింది?’ అని అడగవచ్చు. ఆన్‌లైన్‌లో అధ్యాపకులు ధన్యవాదాలు చెప్పిన మరుక్షణం అందరూ నిష్క్రమిస్తారు, మన సందేహం ఈమెయిల్ అవుతుంది, దానికి జవాబు వచ్చేసరికి పాఠం రెండు అధ్యాయాలు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

పైగా ఖర్చు మా మీదికి మారింది. కంప్యూటర్, నెట్ కనెక్షన్, చప్పుడు లేని ఒక గది, ఇవన్నీ మేమే సమకూర్చుకోవాలి. నేను చదివిన ఒక కోర్సులో ముందు బ్యాచ్ కోసం రికార్డు చేసిన పాఠాలనే మాకూ ఇచ్చారు. ఆ వీడియోలో అధ్యాపకులు ‘వచ్చే వారం పరీక్ష ఉంది, మూడో అధ్యాయం మళ్లీ చూసుకోండి’ అని హెచ్చరిస్తుంటారు; ఆ పరీక్ష ఎప్పుడో జరిగిపోయింది, అది మా పరీక్ష కూడా కాదు. ఫీజు మాత్రం ప్రాంగణంలో చదివేవారితో సమానంగా కట్టాం.

ఇది కేవలం అసంతృప్తి కాదని న్యాయస్థానాలు కూడా కొంతవరకు గుర్తించాయి. కొవిడ్ కాలంలో కట్టిన ఫీజులో కొంత తిరిగి ఇవ్వాలని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంపై విద్యార్థులు వేసిన దావాను కింది కోర్టు కొట్టివేయగా, 2022లో వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని పునరుద్ధరించింది. ప్రాంగణంలో బోధిస్తామన్నది విశ్వవిద్యాలయం ఇచ్చిన మాటలో భాగమేనని వాదించే అవకాశం విద్యార్థులకు ఉందని ఆ తీర్పు సారాంశం.

విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగంలో పనిచేసినవారు:

విద్యార్థిని గారి ఆవేదన న్యాయమైనదే, కానీ లెక్కలు వేరే కథ చెబుతాయి. విశ్వవిద్యాలయ వ్యయంలో అతి పెద్ద భాగం జీతాలు, పాఠం ఏ మాధ్యమంలో చెప్పినా అవి తగ్గవు. కొందరు ఇంటి నుంచి చదివినంత మాత్రాన భవనాలకు మరమ్మతులు ఆగవు, కట్టడానికి తీసుకున్న అప్పు మీద వడ్డీ ఆగదు. ఆన్‌లైన్ బోధన కోసం కొత్త ఖర్చులూ వచ్చి చేరతాయి: బోధనా వేదికకు లైసెన్సు రుసుము, వీడియో చిత్రీకరణ, వినికిడి లోపం ఉన్నవారి కోసం ఉపశీర్షికలు, దూరం నుంచి పరీక్షల పర్యవేక్షణ, వేళ కాని వేళ లాగిన్ కాలేకపోయిన విద్యార్థికి సాయం చేసే సిబ్బంది.

చదువు ఎందుకు చౌక కాదో ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1960లలోనే వివరించారు. యంత్రాల వల్ల కర్మాగారంలో ఒక కార్మికుడి ఉత్పత్తి ఏటేటా పెరుగుతుంది. నలుగురు వాయించవలసిన సంగీతాన్ని ఈనాటికీ నలుగురే, అంతే సేపు వాయించాలి. అయినా వారి జీతం మిగతా రంగాలతో పాటు పెరగక తప్పదు. బోధన కూడా అలాంటి పనే కనుక, తెర వచ్చింది కదా అని ఫీజు తగ్గుతుందని ఆశించడం సరికాదు. అన్నిటికీ మించి, ఇద్దరికీ చేతికి వచ్చేది ఒకే పట్టా.

అధ్యాపకుడు:

పై ఇద్దరూ తమ తమ అనుభవం మేరకు నిజమే చెప్పారు గానీ, ఆన్‌లైన్ బోధన అంతా ఒకే రకమైనదన్నట్టుగా రెండు వాదనలూ సాగాయి. ఫీజును నిర్ణయించవలసింది పాఠం గదిలో చెప్పారా, తెర మీద చెప్పారా అన్నది కాదు. ఒక అధ్యాపకుడి మీద ఎంతమంది విద్యార్థుల బాధ్యత ఉంది, ఆ విద్యార్థులు రాసిన దాన్ని ఎవరు చదువుతున్నారు అన్నదే అసలు విషయమని నా గట్టి నమ్మకం.

నేను గణితాన్ని రెండు పద్ధతుల్లోనూ బోధిస్తాను. ఒక అనంత శ్రేణి గురించిన నిరూపణలో విద్యార్థి ఐదో పంక్తి దగ్గర అవధి, సంకలనాల క్రమాన్ని ఏ కారణమూ చూపకుండా తారుమారు చేసి, చివరికి సరైన జవాబే రాస్తాడు. జవాబును మాత్రమే సరిచూసే యంత్రం దానికి పూర్తి మార్కులు వేస్తుంది. ఆ మార్పు ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో, చెల్లని చోట ఏం జరుగుతుందో చూపే ఒక చిన్న ఉదాహరణను అతని కాగితం అంచున రాయడానికి నాకు పావుగంట పడుతుంది. ఆ కాగితం చేతికి అందినా, స్కాన్ చేసి పంపినా ఆ పావుగంటలో తేడా ఉండదు. అందువల్ల ముప్ఫై మందికి ప్రత్యక్షంగా పాఠం చెప్పి, ప్రతి ఒక్కరి రాతనూ దిద్దే ఆన్‌లైన్ తరగతికి బోధన రుసుము ప్రాంగణంలో ఎంతో ఇక్కడా అంతే ఉండడం సబబు. విద్యార్థిని గారు చెప్పిన పాత వీడియోల కోర్సుకు అదే రుసుము తీసుకోవడం మాత్రం నా దృష్టిలో అన్యాయమే, ఎందుకంటే అక్కడ ఏ పనికి వారు రుసుము చెల్లించారో ఆ పని ఆ సంవత్సరం ఎవరూ చేయలేదు.

ఆర్థిక విభాగం వారు చెప్పిన బౌమోల్ సూత్రం కూడా మొదటి రకానికే వర్తిస్తుంది. రికార్డు చేసిన పాఠాన్ని అదనంగా ఒకరు చూస్తే అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న ఓపెన్ యూనివర్సిటీ ఈ తర్కం మీదే నిలబడింది: పాఠ్య సామగ్రి తయారీకీ, రేడియో, టెలివిజన్ ప్రసారాలకూ మొదట భారీగా వెచ్చించి, ఆ ఖర్చును వేలాది మంది మీద పంచింది. అయితే అసైన్‌మెంట్లను దిద్ది వ్యాఖ్యలు రాసే ట్యూటర్లను మాత్రం అది వదులుకోలేదు. ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో ఆ సంస్థ అంత ముందుగా గ్రహించడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

మనిషిని పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2012లో అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీ తన మొదటి ఉచిత ఆన్‌లైన్ కోర్సుగా విద్యుత్ వలయాలు, ఎలక్ట్రానిక్స్ పాఠాలను అందించినప్పుడు సుమారు 1,55,000 మంది నమోదు చేసుకున్నారు. ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. ఉచితం కనుక ఊరికే చూసిపోదామని వచ్చినవారు అందులో చాలామంది ఉంటారన్నది నిజమే. అయినా పాఠం అందుబాటులో ఉండడం వేరు, చదువు పూర్తి కావడం వేరు అన్న సంగతి ఆ అంకెల్లో కనిపిస్తుంది.

ఈ రెండు కొసలకూ మధ్య దారి ఉందని అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం నిరూపించింది. 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ డిగ్రీకి మొత్తం ఫీజును దాదాపు 7,000 డాలర్ల దగ్గర ఉంచారు; ప్రాంగణంలో అదే డిగ్రీకి, ముఖ్యంగా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవారికి, దానికి ఎన్నో రెట్లు అవుతుంది. పట్టా మీద ఆన్‌లైన్ అన్న ముద్ర ఉండదు. వేల సంఖ్యలో విద్యార్థులు ఉండడం, వారి పనిని దిద్దడానికి పెద్ద సంఖ్యలో బోధనా సహాయకులను నియమించడం వల్లే అది సాధ్యమైంది. అంటే ‘ఒకే పట్టా కనుక ఒకే ఫీజు’ అన్న వాదన నిలవదు. పట్టా విద్యార్థి సాధించిన దానికి గుర్తు, విశ్వవిద్యాలయం చేసిన ఖర్చుకు రసీదు కాదు.

కాబట్టి రుసుమును విడదీసి చూపించాలన్నది నా ప్రతిపాదన. బోధనకూ మూల్యాంకనానికీ ఒక మొత్తం ఉండాలి, అది తరగతి పరిమాణాన్ని బట్టి నిర్ణయం కావాలి. ప్రాంగణ వసతులకు వేరొక మొత్తం, వాటిని వాడుకునేవారి నుంచే తీసుకోవాలి. కట్టడాల పాత అప్పు ఆన్‌లైన్ విద్యార్థి చేసింది కాదు, అతను అనుభవించేదీ కాదు. దాన్ని అతని మీద మోపడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

విద్యార్థిని:

మీరు చెప్పినట్టు రుసుమును విడదీస్తే, విశ్వవిద్యాలయాలు చౌకగా ఇస్తున్నామంటూ ఆన్‌లైన్ తరగతిలో మూడు వందల మందిని చేర్చి, బోధనను ఇంకా పలచన చేయవా? డబ్బు లేనివారికి పలచనైన చదువు, ఉన్నవారికి చిక్కనైన చదువు అన్న పరిస్థితి వస్తే నేను కోరిన తగ్గింపే మాకు శాపమవుతుంది.

అధ్యాపకుడు:

ఆ భయం నాకూ ఉంది, అందుకే తగ్గింపు ఒక్కటే చాలదని అంటున్నాను. ప్రవేశానికి ముందే ప్రతి కోర్సు వివరాల్లో మూడు విషయాలు రాసి ఉండాలి: పాఠాలు ప్రత్యక్షంగా చెబుతారా, రికార్డు చేసినవా, రికార్డు చేసినవైతే ఏ సంవత్సరంలో చేశారు; ఒక్కో అధ్యాపకుడికి లేదా సహాయకుడికి విద్యార్థులు ఎంతమంది; రాసిన పనిని మనిషి చదువుతాడా, ఎన్ని రోజుల్లో వ్యాఖ్యలతో తిరిగి ఇస్తారు. ఈ మాట తప్పితే బోధన రుసుములో కొంత వెనక్కి ఇచ్చే నిబంధన కూడా అందులోనే ఉండాలి. ప్రయోగశాల తప్పనిసరి అయిన కోర్సుల్లో ఆన్‌లైన్ విద్యార్థులను కొన్ని వారాలు ప్రాంగణానికి రప్పించి, ఆ వారాలకు మాత్రమే వసతి రుసుము తీసుకోవచ్చు. ఇక తరగతి పరిమాణానికి పరిమితి పెట్టే అధికారం ఆదాయం చూసుకునే విభాగానికి కాకుండా, ఆ కోర్సు బోధించే శాఖకే ఉండాలి. కాగితాలు దిద్దేది ఆ శాఖవారే కనుక ఎంతమందికి న్యాయం చేయగలరో వారికే తెలుస్తుంది.