సోలో వాయించని గిటారిస్టు "అండర్‌రేటెడ్" అవుతాడా?

ఆరో తీగ:
అండర్‌రేటెడ్ గిటారిస్టులు ఎవరని ఎక్కడ అడిగినా అవే పేర్లు: రోరీ గల్లాహర్, టెర్రీ క్యాథ్, అలన్ హోల్డ్స్‌వర్త్. ముగ్గురూ నాకిష్టమే. కానీ ఇన్నేళ్లుగా ఇంతమంది వాళ్ల గురించే చెప్తుంటే ఇంకా గుర్తింపు రాలేదని ఎలా అంటాం? నా ఓటు సోలోలు కాకుండా రిథమ్, అంటే పాట వెనకాల నడిచే కార్డులు (కలిసి మోగే స్వరాలు), వాయించిన మాల్కం యంగ్‌కి. ఏసీ/డీసీ రాక్ బ్యాండ్‌లో నిక్కరేసుకుని గెంతుతూ సోలోలు వాయించే ఆంగస్ కాదు, వాళ్లన్నయ్య. వెనకాల ఆంప్‌ల (గిటారు శబ్దం పెంచే పెట్టెల) దగ్గర నిలబడి, కోరస్ పాడాల్సినప్పుడు మైకు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయే మనిషి. పాత గ్రెచ్ గిటారు, దానికి ఒక్క బ్రిడ్జ్ పికప్ (తీగల కదలికని పట్టే భాగం), లావు తీగలు, ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించేది) తక్కువ. ఆంగస్ కన్నా ఆయనే పెద్ద గిటారిస్టని నా నమ్మకం. తిట్టేవాళ్లు తిట్టండి.

లెగాటో రావు:
తిట్టను గానీ ఒప్పుకోను. హోల్డ్స్‌వర్త్ ఎడమ చెయ్యి ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ఒక్కో తీగ మీద నాలుగేసి స్వరాలు, పిక్ తగిలిందో లేదో తెలియదు, సాక్సఫోన్ ఊదినట్టు జారుతూ వస్తుంది. ఆ వేళ్ల సాగు చాలామందికి ఎంత సాధన చేసినా రాదు. మాల్కం వాయించే పవర్ కార్డులు (రెండే స్వరాల తేలిక కార్డులు) నా దగ్గర నేర్చుకునే పిల్లలు మొదటి నెలలోనే వాయించేస్తారు. రెండూ ఒకే తక్కెడలో పెట్టకండి.

పిక్ పోయింది:
పవర్ కార్డులు కాదండీ. ఎక్కువగా ఓపెన్ కార్డులే (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసేవి) వాయించేవాడు.

ఆరో తీగ:
రావు గారూ, మీ పిల్లలు వాయిస్తారు, నిజమే. ఆపగలరా? 1980 నాటి 'బ్యాక్ ఇన్ బ్లాక్' తీసుకోండి. ఇ, డి, ఎ. అందరికీ వచ్చిన కార్డులే. కానీ ఆ రిఫ్‌లో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్కలో) సగం పని కార్డుకీ కార్డుకీ మధ్య ఉన్న ఖాళీది. కొట్టాక ఎడమ చేతి వేళ్లు పూర్తిగా ఎత్తేస్తే ఓపెన్ తీగలు మోగుతాయి. ఎత్తకుండా పట్టు వదలాలి, అదే సమయానికి కుడి అరచెయ్యి అంచు తీగల మీద ఆనాలి. ఆపడం కాస్త ముందైతే పాట తడబడుతుంది, కాస్త ఆలస్యమైతే ఆ ఖాళీయే ఉండదు. గెయిన్ ఎక్కువ పెట్టుకునేవాళ్లకి సస్టెయిన్ (స్వరం ఆగకుండా మోగడం) కొంత తప్పుల్ని కప్పేస్తుంది. ఇక్కడ అదీ లేదు.

మెట్రోనోమ్:
లావు తీగలంటే ఏదో అనుకోకండి. 12 గేజ్ (తీగ మందం), మూడో తీగ కూడా వూండ్ (పైన సన్న తీగ చుట్టినది). చాలామంది రాక్ ప్లేయర్లు 9, 10 వేసుకుంటారు.

లెగాటో రావు:
అంటే బెండ్ (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) చేయడానికి వీల్లేని సెట్ వేసుకున్నాయన్ని గొప్ప గిటారిస్టు అంటున్నారన్నమాట.

పిక్ పోయింది:
బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 వేసుకుని బెండ్ చేశాడుగా.

మెట్రోనోమ్:
అర మెట్టు కిందికి ట్యూన్ చేసి. పైగా ఆయన మూడో తీగ ప్లెయిన్. వూండ్ తీగని ఒక టోన్ బెండ్ చేసి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పిక్ పోయింది:
కష్టమే గానీ అసాధ్యం కాదు.

మెట్రోనోమ్:
నేను అసాధ్యం అనలేదే. ఎక్కడ అన్నానో చూపించండి.

స్లైడ్ ప్రియ:
ఒకాయన గేజులు కొలుస్తుంటే ఇంకొకాయన వేళ్లు కొలుస్తున్నారు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వందమంది గిటారిస్టుల జాబితా వేస్తే అందులో ఆడవాళ్లు ఇద్దరే, జోనీ మిచెల్, జోన్ జెట్. 1938లోనే రికార్డులు మొదలుపెట్టిన సిస్టర్ రోజెటా థార్ప్‌కి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2018లో. ఎలిజబెత్ కాటన్ ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి గిటారునే తిరగేసి పట్టుకుని బేస్ వేళ్లతో, మెలొడీ బొటనవేలితో మీటేది. అండర్‌రేటెడ్ అన్న థ్రెడ్‌లో వీళ్ల పేర్లు ఒక్కరికీ గుర్తు రాలేదా?

ఆరో తీగ:
మంచి పేర్లు. కానీ ఈ థ్రెడ్ రిథమ్ గురించి.

స్లైడ్ ప్రియ:
థ్రెడ్ మీరే పెట్టారు, హద్దులూ మీరే గీస్తారు. సరే, కానివ్వండి.

లెగాటో రావు:
అసలు ప్రశ్నకి జవాబు చెప్పండి. 1988లో అమెరికా టూర్‌కి మాల్కం లేడు. అన్న కొడుకు స్టీవీ యంగ్ వాయించాడు. 2014 నుంచీ అతనే. బ్యాండ్ ఆగిందా? హోల్డ్స్‌వర్త్, మాల్కం ఇద్దరూ 2017లోనే పోయారు. ఒకరి కుర్చీ అప్పటికే నిండిపోయింది. రెండో కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతారో చెప్పండి చూద్దాం.

ఆరో తీగ:
స్టీవీ వాయిస్తున్నది ఎవరు కట్టిన రిఫ్‌లు? ఆ కుర్చీ తయారుచేసినవాడు మాల్కం. తర్వాత అందులో ఎవరు కూర్చున్నా అది ఆయన గొప్పే.

మెట్రోనోమ్:
ఫ్రెడ్డీ గ్రీన్‌ని కూడా చూడండి. కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలో 1937 నుంచి 1987లో చనిపోయేదాకా దాదాపు 50 ఏళ్లు. సోలోలు లేవనే చెప్పాలి. ఆంప్ లేని గిటారు, యాక్షన్ (గిటారు మెడ మీద తీగల ఎత్తు) బాగా ఎక్కువ, బార్‌కి (ఒక్కో ఆవృత్తానికి) నాలుగు స్ట్రోకులు. జాగ్రత్తగా వింటే చాలా చోట్ల కార్డులో ఒకటి రెండు స్వరాలే మోగుతాయి, మిగతా తీగలు మ్యూట్. అంతమంది హార్న్స్ వాళ్ల మధ్య ఆయన తీసేసిందే ఎక్కువ.

లెగాటో రావు:
ఇదే నాకు మండేది. తక్కువ వాయిస్తే "అభిరుచి", ఎక్కువ వాయిస్తే "ప్రదర్శన". సాధన చేయడానికి బద్ధకించే ప్రతివాడికీ "గ్రూవ్" అనే మాట దొరికింది. నాకు నేర్పినాయన సోలో అడిగితే చాలు, ముందు పాటకి వాయించు అంటూ ఏళ్ల తరబడి స్ట్రమ్మింగ్‌లోనే ఉంచారు. ఇంట్లో తలుపేసుకుని సొంతంగా స్కేల్స్ నేర్చుకున్నాను. స్టేజీ ఎక్కి వాయిస్తే "వేళ్లున్నాయి, ఫీల్ లేదు" అన్నారు. ఫీల్ కొలిచే మిషన్ ఏదైనా ఉంటే నాకూ చూపించండి.

ఆరో తీగ:
బద్ధకమా? నేను వాయించిన బ్యాండ్‌లో సగం పాటల రిఫ్‌లు నావి. రికార్డింగ్ బయటికొచ్చాక చూస్తే "గిటార్" అని లీడ్ వాయించినవాడి పేరొక్కటే ఉంది. నన్ను సహకారం కింద వేశారు. అడిగితే "నీ పార్ట్ ఎవరైనా వాయిస్తారుగా" అన్నాడు. ఇప్పుడు నువ్వూ అదే మాటంటున్నావు, కుర్చీ అని అందంగా చెప్తున్నావంతే.

పిక్ పోయింది:
మీరు నుంచి నువ్వుకి దిగిపోయాం.

లెగాటో రావు:
పేరు వేయకపోవడం అన్యాయమే, దానికి నేను అడ్డుపడను. కానీ రిఫ్ కట్టినందుకు ఇచ్చే మార్కులు కంపోజర్ ఖాతాలో వేయండి. గిటారిస్టు ఖాతాలో పడాల్సింది చేతులు చేసే పని. మీరు రెండూ కలిపేసి మాల్కంని పెద్ద చేస్తున్నారు. నా గొడవంతా అదే.

ఆరో తీగ:
నేను విడదీయలేనిదీ అదే. 1983లో వచ్చిన 'లెట్స్ డాన్స్' పాటని గాయకుడు డేవిడ్ బోవీ మొదట పన్నెండు తీగల గిటారు మీద ఫోక్ ధోరణిలో వినిపించాడు. దాన్ని డాన్స్ పాటగా మలిచింది ప్రొడ్యూసర్, గిటారిస్టు నైల్ రాడ్జర్స్. జనం ఇప్పటికీ చెప్పేది అందులో స్టీవీ రే వాన్ సోలో గురించి. నైల్ కుడి చెయ్యి ఆగకుండా పదహారో నోట్ల (ఒక్కో తాళం దెబ్బకి నాలుగు) మీద పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది, కార్డు ఎప్పుడు మోగాలో ఎప్పుడు ఉత్త చిక్ శబ్దమే రావాలో ఎడమ చెయ్యి పట్టు బిగించి, వదిలి తేలుస్తుంది. ఆ తేల్చడం కంపోజరా, గిటారిస్టా?

లెగాటో రావు:
ప్రొడ్యూసర్.

స్లైడ్ ప్రియ:
😀

ఆరో తీగ:
మీతో పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ.

లెగాటో రావు:
కోపం తెచ్చుకోకండి. మీ బ్యాండ్ రికార్డింగ్ లింకు పెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. బాగుంటే బాగుందనే చెప్తాను.

ఆరో తీగ:
పెట్టను. సోలో ఎప్పుడొస్తుందా అని ముందుకు జరుపుతారు.