తీపి జిన్‌ఫండెల్ పక్కన స్వీటు పెట్టాలా, ఉప్పుదా?

ద్రాక్షగుత్తి: కాలిఫోర్నియాలో ఉంటాం. సోనోమా కౌంటీలోని డ్రై క్రీక్ వ్యాలీ నుంచి తెచ్చిన లేట్ హార్వెస్ట్ జిన్‌ఫండెల్ (ఆలస్యంగా కోసిన జిన్‌ఫండెల్ ద్రాక్షతో చేసే తీపి ఎర్ర వైన్), 375 మి.లీ. సీసా, మొన్న భోజనాలయ్యాక తెరిచాం. పక్కన గులాబ్ జామ్. ఒక జామ్ తిని గుక్క తాగితే అంత తీపి వైనూ పుల్లగా, పల్చగా అనిపించింది. మంచినీళ్లు తాగి, నాలుగు ఉప్పు జీడిపప్పులు నమిలి మళ్లీ తాగాను. ఎండు అంజీర, నల్ల ద్రాక్ష రుచి నోరంతా నిండింది. దీని పక్కన స్వీటు పెట్టడమే తప్పని నా అభిప్రాయం. ఏమంటారు?

చేదుతీపి: స్వీట్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. తినేది వైన్ కన్నా తియ్యగా ఉంటే వైన్ తేలిపోతుంది, అంతే. పాకంలో నానిన జామ్ బదులు 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ పెట్టి చూడండి.

ద్రాక్షగుత్తి: పాకం మాట ఒప్పుకుంటానండీ. చాక్లెట్ మాత్రం ఒప్పుకోను. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల వగరు ఉంటుంది, కోకోలోనూ వగరే. రెండూ కలిస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది.

కారంపొడి: తీపి కారాన్ని చల్లారుస్తుంది కదా, మటన్ వేపుడుతో ఎందుకు తాగకూడదు?

తోటదారి: కారంపొడి గారూ, తీపి వరకు మీ మాట నిజమే. కానీ ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, ఈ రకంలో అది 15 శాతం దాటడం మామూలే. జిన్‌ఫండెల్ గుత్తిలో పళ్లన్నీ ఒక్కసారి పండవు. కొన్ని కిస్మిస్‌లా ముడుచుకుపోయినా పక్కనే పచ్చివి ఉంటాయి. మామూలు కోత దాటాక కూడా తీగ మీదే ఉంచితే నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది. ఆ చక్కెరంతా పులియకముందే ఈస్ట్ ఆగిపోతే, మిగిలిందే మనకు తగిలే తీపి. అంత ఘాటున్న వైన్‌ని గుంటూరు మిరపకాయ పక్కన పెట్టకండి. మిరియాలు తక్కువేసి కాల్చిన మాంసమైతే సరే.

నా ఓటు నీలి బూజు చారలుండే ఉప్పటి బ్లూ చీజ్‌కే. ఇంగ్లండ్‌లో తియ్యటి పోర్ట్ వైన్‌తో స్టిల్టన్ అనే బ్లూ చీజ్ తినడం పాత అలవాటు. పోర్ట్‌లో ద్రాక్ష సారా కలిపి పులియడం ఆపుతారు, మన జిన్‌ఫండెల్ వేరు. అయినా ఉప్పూ తీపీ కలిసే తీరు ఒకటే.

చేదుతీపి: చీజ్ వాసన పడని ఇళ్లు మనలో ఎన్ని! మా అమ్మగారి ముందు రోక్‌ఫోర్ట్ లాంటి బ్లూ చీజ్ పెట్టలేను. చాక్లెట్ మీద కాస్త ఉప్పు చల్లితే?

ద్రాక్షగుత్తి: నిన్న రాత్రి అలాగే చేశానండీ. సీసాని ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న గ్లాసుల్లో పోశాను. ఉప్పు పలుకు తగిలిన ముక్కతో వగరు బాగా తగ్గింది. ఉప్పు లేని ముక్కతో మళ్లీ మొదటికొచ్చింది. కాబట్టి ఉప్పు విషయంలో నా మాట మీదే ఉన్నాను. చాక్లెట్‌ని మాత్రం ఇక తీసిపారేయను.