బ్లాక్ పార్టీ అంటే నల్లవారి విందా? బ్రేక్ అంటే విరామమా?

ప్రశ్న

హిప్-హాప్ మీద ఒక వ్యాసం తెలుగు చేసే పనిలో ఈ వాక్యం దగ్గర పేచీ వచ్చింది: న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతపు బ్లాక్ పార్టీల్లో డీజేలు పాటలోని బ్రేక్‌ను పొడిగించేవారు. చిత్తుప్రతిలో "నల్లవారి విందుల్లో డీజేలు పాటలోని విరామాన్ని పొడిగించేవారు" అని ఉంది. చదివితే ఏదో తేడా కొడుతోంది. ఏం రాయాలంటారు?

జవాబు

రెండూ తప్పేనండీ. నలుపు అనే బ్లాకునూ, వీధి ముక్క అనే బ్లాకునూ మన లిపిలో ఒకేలా రాస్తాం. చిత్తుప్రతి అక్కడే పప్పులో కాలేసింది. పైగా ఆ పేటల్లో ఆఫ్రికన్ అమెరికన్లతో పాటు ప్యూర్టోరికన్లూ, జమైకా లాంటి దీవుల నుంచి వచ్చినవాళ్లూ ఉండేవారు. "నల్లవారి విందు" అన్నారంటే ప్యూర్టోరికన్లను చరిత్రలోంచి తీసేసినట్టే.

న్యూయార్క్‌లో బ్లాక్ అంటే రెండు అడ్డవీధుల మధ్య ఉన్న ముక్క, రెండు వైపులా ఇళ్లతో సహా. మన అపార్ట్‌మెంట్ల ఏ-బ్లాక్, బీ-బ్లాక్ కాదు. ఆ ముక్కకు రెండు కొసలా కార్లు రాకుండా అడ్డం పెట్టి జరుపుకునేదే బ్లాక్ పార్టీ. ఇప్పుడైతే నగరపాలక సంస్థలో వీధి కార్యక్రమాల అనుమతుల ఆఫీసుకు 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, రుసుము 25 డాలర్లు. స్పీకర్లు పెడితే ఆ ప్రాంతపు పోలీసు ఠాణాలో ఇంకో అనుమతి వేరే.

మరొకరు

మా తెలంగాణలో దీనికి రెడీగా మాట ఉంది: వాడకట్టు. "వాడకట్టు పండుగ" అంటే సరిపోతది.

ఇంకొకరు

కోస్తాలో ఆ మాట చాలామందికి తెలియదండీ. "వీధి పండగ" అంటే అందరికీ అందుతుంది కదా?

మొదట జవాబిచ్చినవారు

అందుతుంది, కానీ వీధి ఎంత పొడుగైనా ఉండొచ్చు. వాడకట్టులో చోటూ, ఆ చోటి మనుషులూ ఇద్దరూ వస్తారు. నా ఓటు దానికే. మొదటిసారి "బ్లాక్ పార్టీ, అంటే వాడకట్టు పండుగ" అని రాసి, తర్వాత ఏది వాడినా ఇబ్బంది లేదు.

డీజే పని తెలిసినవారు

ఇంకో సవరణ. మీ వ్యాసంలో హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11 పార్టీ ప్రస్తావన ఎలాగూ ఉంటుంది. దాన్ని మాత్రం బ్లాక్ పార్టీ అనొద్దు. అది 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో, అద్దెదారులు వాడుకునే హాల్లో జరిగింది. బడులు తెరిచే ముందు బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని సిండీ క్యాంప్‌బెల్ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్. ఆ తర్వాతే సీడర్ పార్కు లాంటి ఆరుబయటి చోట్లకు వచ్చారు. "వాడకట్టు పండుగల్లో, పార్కుల్లో" అని రెండూ రాయడం మంచిది.

ఇక బ్రేక్. విరామం అంటే ఆట ఆగాలి. ఇక్కడ ఆట మొదలయ్యేదే అప్పుడు. గొంతు, గిటారు, బూరలు తప్పుకుని డ్రమ్ములు, మహా అయితే బేస్ గిటారు మిగిలే కొద్ది సెకన్ల ముక్క అది. డాన్సు చేసే కుర్రాళ్లు ఆ ముక్క కోసమే కాచుకుని ఉంటున్నారని గమనించిన హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, ఒకదానిలో బ్రేక్ అయిపోగానే రెండోదానిలో అందుకునేవాడు. ఆ పద్ధతికి అతను పెట్టుకున్న పేరు మెర్రీ-గో-రౌండ్. అక్కడ "రంగులరాట్నం" అని హాయిగా తెలుగు చేయొచ్చు.

సంగీతం తెలిసినవారు

బ్రేక్‌కు "తని" అనొచ్చా? కర్ణాటక కచేరీలో తని ఆవర్తనంలోనూ మృదంగమే కదా మిగిలేది.

డీజే పని తెలిసినవారు

దగ్గరగానే ఉంది, కానీ తని అప్పటికప్పుడు అల్లేది, పావుగంటైనా సాగొచ్చు. బ్రేక్ ముందే రికార్డై ఉన్న ముక్క. లెక్క చూడండి. నిమిషానికి 110 దెబ్బల పాటలో నాలుగు దెబ్బల బార్ 2.18 సెకన్లు, 8 బార్ల బ్రేక్ పదిహేడున్నర సెకన్లు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు ఒక చుట్టుకు 1.8 సెకన్లు. అంటే రెండో రికార్డు మోగే ఆ పదిహేడున్నర సెకన్లలోనే మొదటిదాన్ని దాదాపు పదిచుట్లు వెనక్కి తిప్పి సిద్ధం చేయాలి. హెర్క్ ముల్లును ఎత్తి అంచనాగా దించేవాడు, దెబ్బ అటూ ఇటూ అయ్యేది. బ్రాంక్స్‌లోనే ఇంకో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, అది ఎన్నిసార్లు ముల్లును దాటిందో చూసుకుంటూ వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్‌లో సరిచూసుకుని వదిలేవాడు. టర్న్‌టేబుల్‌తో, అంటే రికార్డు తిప్పే యంత్రంతో, వచ్చే రబ్బరు మ్యాట్ మీద ఇది కుదరదు, రికార్డును పట్టుకుంటే పళ్లెం కూడా ఆగిపోతుంది. జారే ఫెల్ట్ గుడ్డ వేస్తే కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు చేతిలో ఉంటుంది. ముల్లు బరువు మరీ తక్కువైతే వెనక్కి తిప్పేటప్పుడు గాడి తప్పుతుంది, ఎక్కువైతే గాడి అరిగి నాలుగు పార్టీలకే బరబరమంటుంది.

వాడకట్టు అన్నవారు

అయితే "దరువు" ఎందుకు కాదు? డప్పు కొట్టేటోళ్లు వాడే మాటే.

సంగీతం తెలిసినవారు

యక్షగానంలో దరువు అంటే పాట. ఆ అర్థం తెలిసినవాళ్లు తడబడతారు.

మొదట జవాబిచ్చినవారు

యక్షగానం ఎరిగినవాళ్లు హిప్-హాప్ వ్యాసంలో తడబడే ప్రమాదం తక్కువేనండీ. అయితే ఒంటి మాటగా "దరువు" చాలదు, అది పాటంతా ఉంటుంది. "ఒట్టి దరువు" అంటే మిగతావి తప్పుకున్నాయని తెలుస్తుంది. నాట్యం పేరులో మాత్రం బ్రేక్‌ను కదిలించొద్దు. 1980ల సినిమాల నుంచీ బ్రేక్ డాన్స్ మనకు తెలుగు మాటే.

అడిగినవారు

అదే వ్యాసంలో "వీధి దీపం నుంచి కరెంటు లాక్కునేవారు" అనీ ఉంది. అక్షరాలా నిజమేనా, నుడికారమా?

డీజే పని తెలిసినవారు

అక్షరాలా నిజమే. స్తంభం అడుగున ఉండే మూత ఊడదీసి తీగలు కలిపేవారు. ప్రాణాలకు ముప్పు, నేరం కూడా. ఇప్పుడు జనరేటర్ పెడతారు, దానికీ ఒక తిరకాసు ఉంది. కొన్ని పాతరకం టర్న్‌టేబుళ్ల మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. లోడు పడి 60 హెర్ట్జ్ కాస్తా 57కు దిగితే పాట 5 శాతం నెమ్మదిస్తుంది, శ్రుతీ దిగుతుంది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ స్ఫటికంతో వేగాన్ని నిలబెట్టుకునే రకాలకు ఆ బాధ లేదు. బేస్ స్పీకరు పక్కనే టర్న్‌టేబుల్ పెడితే మాత్రం వాటికైనా గుయ్‌మని ఊళ తప్పదు. బరువైన సిమెంటు పలక వేసి, దాని కింద స్పాంజి పెట్టి, ఆ పైన పెట్టాలి.

మొదట జవాబిచ్చినవారు

అయితే వాక్యం ఇలా ఉండొచ్చు: "బ్రాంక్స్ వాడకట్టు పండుగల్లో, పార్కుల్లో డీజేలు పాటలో ఒట్టి దరువు మిగిలే ముక్కను, అంటే బ్రేక్‌ను, ఒకే రికార్డు రెండు ప్రతులతో సాగదీసేవారు."

సంగీతం తెలిసినవారు

"సాగదీసేవారు" వద్దు, వేగం తగ్గించారేమో అనిపిస్తుంది. "మళ్లీ మళ్లీ తిప్పేవారు" అనండి.