కార్మిక నాయకుడు మేయర్ కుర్చీ ఎక్కవచ్చునా? మిరాజ్‌కర్ ఉదాహరణపై చర్చ

పాలమూరు పంతులు:
మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయినప్పటి నుంచి, కార్మిక సంఘాల వాళ్ళు మేయర్ పదవికి పోటీ పడాలా అన్న మాట వినబడుతోంది. పడాలనే నేనంటాను. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో నెలల తరబడి సాగిన సమ్మె నాయకుల్లో ఒకరైన ఎస్.ఎస్. మిరాజ్‌కర్, మరుసటి ఏడాది, బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనిస్టు, కార్మిక నాయకులపై పెట్టిన మీరట్ కుట్ర కేసులో అరెస్టయి జైలు పాలయ్యారు. బొంబాయితో కూడిన మరాఠీ రాష్ట్రం కోసం సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న 1958లో ఆయనే ఆ నగరానికి మేయర్ అయ్యారు. అప్పటికి దేశవ్యాప్త కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడిగా ఉన్న ఆయన మేయర్ అయ్యాక కూడా ఆ బాధ్యత వదల్లేదు. మనకు కావలసిన ఆదర్శం అది.

మూసీ గట్టు:
పంతులు గారూ, అసలు సంగతి వదిలేశారు. బొంబాయి మేయర్‌ను కార్పొరేటర్లు ఒక్క ఏడాదికే ఎన్నుకునేవారు. 1888 నాటి చట్టం ప్రకారం కార్యనిర్వహణాధికారమంతా కమిషనర్‌ది, ఆ కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. సభకు అధ్యక్షత వహించడం తప్ప పెద్దగా అధికారం లేని పదవిని ఆదర్శమంటే ఎట్లా?

చేనేత బిడ్డ:
మా తాత చండూరులో మగ్గం వదిలి బొంబాయి మిల్లుకు పోయిన మనిషి. వర్లీలో ఒక్క గదిలో పదిమంది ఉండేవాళ్ళమని, నల్లా దగ్గర తెల్లవారకముందే బిందెలు వరుస పెట్టేవారని చెప్పేవాడు. 1982 సమ్మెలో పని పోయి ఊరికి వచ్చాడు. పీఎఫ్ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి చనిపోయేదాకా దాచుకున్నాడు. ఏ నాయకుడూ వాటిని విప్పి చూడలేదు. మేయర్లయినా మంత్రులయినా మాకు ఒకటే.

మూసీ గట్టు:
తాతగారి బాధ నిజమే అమ్మా, కానీ మిరాజ్‌కర్ మేయర్ అయింది ఆ సమ్మెకు ఇరవై నాలుగేళ్ళ ముందు. నేను అడిగింది అధికారం గురించి.

పాలమూరు పంతులు:
అధికారం చట్టంలోనే ఉంటుందా? బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహి అని బోనెక్కించిన మనిషి అదే నగరానికి ప్రథమ పౌరుడై కూర్చుంటే మిల్లు కార్మికుడు ఎంత ధైర్యంగా తల ఎత్తుకుంటాడో మీకు అర్థం కావడం లేదు. మన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచినప్పుడు ఆ జిల్లా పేదలు పొందిన ధైర్యం కూడా ఏ చట్టంలోనూ రాసి లేదు.

మూసీ గట్టు:
ధైర్యంతో మోరీలు శుభ్రం కావు. కమిషనర్ సంతకం కావాలి.

గడియారం సెంటర్:
మోరీల మాట మీరు ఎత్తారు కనుక చెబుతున్నాను. మా అమ్మ పారిశుధ్య కార్మికురాలు, కాంట్రాక్టు పద్ధతిలో చేసింది. తెల్లవారుజామున ఐదింటికి పారిశుధ్య జవాను ముందు హాజరు మస్టరు పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. మా సంఘం అధ్యక్షుడే ఒకప్పుడు మా ఊరి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు, సంఘం పదవి మాత్రం వదల్లేదు. నాలుగు నెలలు జీతాలు ఆగితే సమ్మె నోటీసు రాశారు. ఆ నోటీసు మీద సంతకం పెట్టవలసిందీ ఆయనే, దాన్ని తీసుకోవలసిందీ ఆయనే. అది ఆయన టేబుల్ సొరుగులోనే ఉండిపోయింది. పంతులు గారూ, మీరు ఆదర్శమని పొగిడినదే మా ఇంట్లో పొయ్యి ఆర్పింది.

పాలమూరు పంతులు:
ఒక్క స్వార్థపరుడిని చూపి మిరాజ్‌కర్ లాంటి వారిని అవమానించకండి.

గడియారం సెంటర్:
ఆయనను నేనేమీ అనలేదు. మునిసిపాలిటీ మాకు యజమాని. యజమాని కుర్చీలో కూర్చున్న మనిషి ఎంత మంచివాడైనా మా తరఫున బేరం ఆడలేడు అంటున్నాను. మూసీ గట్టు అన్నా, కుర్చీకి అధికారం ఉందా లేదా అని మీరు తెల్లవార్లూ వాదించవచ్చు. లేకున్నా మా సంఘం నోరు మూతబడింది.

మూసీ గట్టు:
అయితే మన వాదన పదవి గురించి కాదు, రెండు పదవుల గురించి.

పాలమూరు పంతులు:
సంఘానికి రాజీనామా చేసి పోయిన నాయకుడు కమిషనర్ ముందు ఎవరి బలం చూసుకొని మాట్లాడతాడు? వెనుక కార్మికులు లేని మేయర్‌ను అధికారులు పూలదండలకే పిలుస్తారు.

గడియారం సెంటర్:
వెనుక కార్మికులు ఉండాలంటే సంఘం బతికి ఉండాలి కదా. మాకు వేరే అధ్యక్షుడు ఉండి ఉంటే, ఆ నోటీసు ఆ వారమే అందేది, చెత్త బండ్లు ఆగేవి, చైర్మన్‌కు కూడా కమిషనర్‌ను అడగడానికి ఒక కారణం దొరికేది. మా అమ్మకు ఆ నాలుగు నెలల జీతంలో రెండు నెలలది ఇప్పటికీ రాలేదు.