మొదటి గేమ్ జామ్‌కి ఏ ఇంజిన్ తీసుకోవాలి?

ప్రశ్న:
48 గంటల్లో ఒక గేమ్ చేసి చూపించాల్సిన జామ్‌కి పేరు ఇచ్చేశాను, ఇప్పుడు టెన్షన్. పైథాన్ కొంచెం వచ్చు, బొమ్మలు నేనే గీస్తాను. చేయాలనుకున్నది చిన్న 2డీ పజిల్. ఇంజిన్ (గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్) అంటే అందరూ యూనిటీ అంటున్నారు కానీ నా పాత ల్యాప్‌టాప్‌లో అది తెరుచుకునేలోపే ఓపిక అయిపోతోంది.

జవాబు 1:
గొడో అనే ఇంజిన్ పెట్టుకోండి. ఉచితం, డౌన్‌లోడ్ చిన్నది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. దాని కోడ్ భాష జీడీస్క్రిప్ట్ చూడటానికి పైథాన్‌లాగే ఉంటుంది, ఇండెంటేషన్‌తో సహా. వెర్షన్ మాత్రం 4.3 గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. అంతకుముందు 4.x వెబ్ బిల్డ్‌లకు (బ్రౌజర్‌లో ఆడేలా తీసిన గేమ్‌లకు) త్రెడ్స్ (ఒకేసారి పలు పనులు నడిపే పద్ధతి) తప్పనిసరి, సర్వర్‌లో ప్రత్యేక సెట్టింగ్ లేకపోతే గేమ్ తెరుచుకునేదే కాదు. జామ్‌లో జనం బ్రౌజర్‌లో ఆడేవాటినే ముందు నొక్కుతారు. ఫైల్ దింపుకుని ఆడే ఓపిక ఎవరికుంది చెప్పండి (నాకైతే లేదు).

జవాబు 2:
చిన్న గేమ్‌లు చేసే పికో-8 అనే టూల్ కూడా చూడండి. తెర 128×128 పిక్సెళ్లే, రంగులు 16. ఆ ఇరుకులో గేమ్ పెద్దది చేయాలన్న ఆశలు పెరగవు. కాకపోతే కొనుక్కోవాలి, కోడ్ రాసే భాష లువా.

అడిగినవారు:
గొడోకే ఫిక్స్. ముందుగా ఏం ప్రాక్టీస్ చేయాలి?

జవాబు 1:
ఒక బొమ్మ కదలాలి, తలుపు తాకితే గెలవాలి. అంతే చేసి, వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి, ఈ వారమే ఎక్కడైనా అప్‌లోడ్ చేయండి. ఎక్స్‌పోర్ట్‌కి కావాల్సిన టెంప్లేట్ ఫైళ్లు విడిగా దింపుకోవాలి, చివరి గంటకు ఉంచకండి.