ఎంటీబీకి ఏరో బార్లు: ఏవి కొనాలి, అసలు కొనాలా?

గంటస్తంభం_సైకిల్:
అన్నలూ, మాది విజయనగరం. బండి ఎంటీబీ (మౌంటెన్ బైకు), హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే షాకులుండేది), 100 ఎంఎం ఫోర్కు, 740 ఎంఎం వెడల్పు హ్యాండిల్ బారు. మట్టిదార్ల మీద పెద్ద దూరం రేసు ఒకటి తొక్కాలని ఆశ, దానికోసమని మొన్న ఆదివారం తెల్లారగట్ల బయల్దేరి గజపతినగరం, సాలూరు మీదుగా సుంకి ఘాటు ఎక్కి తిరిగొచ్చేసరికి రాత్రయిపోయింది, కాళ్ళు బాగానే ఉన్నాయి గాని రెండు చేతులకీ చిటికెనవేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయి అన్నం కలపడానికి కూడా రాలేదు, మూడ్రోజులు చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టింది. టూర్ డివైడ్ అనే పెద్ద దూరం రేసు ఫొటోల్లో ఎంటీబీలకి ఏరో బార్లు (మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి పట్టుకునే, ముందుకి పొడుచుకొచ్చే గొట్టాలు) కనిపిస్తన్నాయి. పొడుగువా, పొట్టివా? నా బారు స్టెమ్ (బారుని పట్టి ఉంచే ముక్క) దగ్గర 35 ఎంఎం లావు, పడతాయేటి?

వంశధార_గాలి:
స్పీడు కోసమైతే వదిలెయ్ తమ్ముడూ. ఆ టూర్ డివైడ్‌లో కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు తొక్కేవోళ్ళకి కూడా చేతులకి రెస్టు దొరకడమే పెద్ద లాభం, బరువు అరచేతుల మీంచి మోచేతుల మీదకి పోతాది. నాకు స్పీడు తేడా తెలిసింది ఎదురుగాలిలోనే. వేసవి మధ్యాహ్నం టెక్కలి నుంచి శ్రీకాకుళం రా, తెలుస్తాది.
అందుకని ప్యాడ్లు కిందకి దించకు, రైజర్లు (ఎత్తు పెంచే ముక్కలు) వేసి ఎత్తులో పెట్టు, ట్రయాథ్లాన్ వాళ్ళలా వంగితే మెడ పట్టేస్తాది. ఎంటీబీకి ముందే రీచ్ (బారు అందుకోవాల్సిన దూరం) ఎక్కువ కదా, ప్యాడ్లు బారు మీదో కొంచెం వెనకో ఉండే మోడల్ చూసుకో. నేను ముందుకున్నవి కొని, సీటు ముక్కు మీదకి జారిపోయి చెప్పుకోలేని చోట పుండ్లు తెచ్చుకున్నాను. గొట్టాలు అల్యూమినియంవైతే పొడుగు ఎక్కువైనా పర్లేదు, రంపంతో కోసుకోవచ్చు.

స్పానరు_మావ:
35 అన్నావు చూడు, తంటా అక్కడే. ఏరో బార్ల క్లాంపులు ఎక్కువగా 31.8కే వస్తాయి. సన్నబారుకి షిమ్ము (సందు నింపే పల్చటి రేకు) చుట్టి లావు చేయగలం, లావుదాన్ని సన్నం చేయలేం కదా. 31.8 బారు కొను, పాత స్టెమ్‌లోనే 35కి 31.8 షిమ్ము వేసుకుంటే పనైపోతాది. రైజ్ ఉన్న (చివర్లు పైకి లేచిన) బారు వద్దు, స్టెమ్ పక్కనే వంపు తిరిగిపోతాది, క్లాంపు కూర్చోడానికి చోటుండదు. కార్బన్ బారైతే ఏరో బార్లు బిగించొచ్చని కంపెనీ మాన్యువల్లో ఉందో లేదో చూశాకే. ఒక కుర్రోడు ఎలెన్ కీతో బలంకొద్దీ బిగించి తెచ్చాడు, క్లాంపు విప్పితే కింద గోటితో గీసినట్టు గీత, అంతే, ఆ బారు పక్కన పడేయించాను. టార్క్ రెంచి (ఎంత బిగిస్తన్నామో చూపించే రెంచి) లేకుండా ముట్టుకోకు.

నాగావళి_నెమ్మది:
అందరూ కొనమనే చెప్తన్నారు గాని ముందు సీటు ముక్కు కిందకి వాలి ఉందేమో చూసుకో బాబూ, అలాగుంటే ఒళ్ళంతా చేతుల మీదకే వస్తాది. గ్రిప్పుల లోపలేపు చిన్న బార్ ఎండ్లు (కొమ్ముల్లాంటి పిడులు) పెట్టుకుంటే చెయ్యి మార్చుకోడానికి ఇంకో చోటు దొరుకుతాది, చవక కూడా.
ఇంకోటి, ఏరో మీద ఉంటే బ్రేకులు చేతిలో ఉండవు. మన ఊళ్ళల్లో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు, 740 బారులో మధ్య నుంచి లివరు దాకా చెయ్యి పోయేలోపు రాయి మీదకెక్కేస్తావు. గుంపులో తొక్కినప్పుడు అసలే వద్దు.
వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉంటే డాక్టరు దగ్గరకెళ్ళు, చిటికెనవేలు, ఉంగరం వేలికి పోయే అల్నార్ నరం నొక్కుకుంటే అలాగే అవుద్ది.

గంటస్తంభం_సైకిల్:
ఫోన్లో లెవెల్ పెట్టి చూశాను, సీటు ముక్కు 4 డిగ్రీలు కిందకే ఉంది. సరిచేసి, బార్ ఎండ్లు కూడా పెట్టి మళ్ళీ సుంకి వెళ్ళొస్తాను, అప్పటికీ తిమ్మిరెక్కితే 31.8 బారు, షిమ్ము. మావా, షిమ్ము నీ దగ్గరుందా?

స్పానరు_మావ:
ఉంది. స్టెమ్ విప్పకుండా బండి అలాగే తీసుకురా.