"కరిగిన ఉప్పు": ఏ కరగడం?

ప్రశ్న: అయానిక ద్రవాల్లో వాయువులు ఎంత కరుగుతాయో ఎలా కొలుస్తారన్న దాని మీద వ్యాసం రాస్తూ రెండో వాక్యంలోనే ఇరుక్కుపోయాను: "కరిగిన ఉప్పులో కార్బన్ డయాక్సైడ్ బాగా కరుగుతుంది." ఈ రెండు కరగడాలూ ఒకటి కావు. అయానిక ద్రవంలో నీళ్లుండవు, అది 100 డిగ్రీల సెల్సియస్ లోపే ద్రవమైపోయే లవణం. 1914లో పాల్ వాల్డెన్ వివరించిన ఇథైల్ అమోనియం నైట్రేట్ అయితే 12 డిగ్రీలకే కరుగుతుంది. కానీ "కరిగిన ఉప్పు" అంటే చదివేవాళ్లకు తోచేది ఉప్పునీళ్లే. ఏం చేయాలి?

జవాబు 1: మాట ఒకటే అయినా విభక్తులు రెండండీ. మైనం వేడికి కరుగుతుంది, ఉప్పు నీళ్లలో కరుగుతుంది. మనసు కూడా మాటలకు కరుగుతుంది గానీ మాటల్లో కరగదు. "కరిగిన" అని విశేషణం చేయగానే విభక్తి జారిపోతుంది, చిక్కంతా అక్కడే.

అడిగినవారు: మరి గ్లాసు నీళ్లలో మంచుముక్క కరిగితే?

జవాబు 1: దొరికిపోయాను. అక్కడ "లో" చోటు మాత్రమే చెబుతోంది అనుకుందాం.

జవాబు 2: నేను ల్యాబ్‌లో ఈ కొలతలే చేస్తాను. మేం "ఎంత కరిగింది" అనం, "ఎంత పీల్చుకుంది" అంటాం. సూక్ష్మతుల (అతి చిన్న బరువులు తూచే తక్కెడ) గిన్నెలో కొద్దిగా ద్రవం వేసి, వాక్యూమ్‌లో వేడి చేసి తేమ, గాలి పోగొడతాం. తర్వాత వాయువు వదిలి బరువు చూస్తాం. అయానిక ద్రవం దాదాపు ఆవిరి కాదు కాబట్టి పెరిగిన బరువంతా వాయువుదే. కాకపోతే చుట్టూ ఉన్న వాయువు గిన్నెను కాస్త పైకి నెడుతుంది, ఆ తగ్గింపును లెక్కగట్టి కలపాలి. ద్రవం చిక్కగా ఉంటే బరువు నిలకడకు రావడానికి గంటలు పడుతుంది. అంతసేపూ చూసేది ద్రవాన్నే, అందుకే వాక్యంలో కర్త కూడా అదే అయిపోయింది.

జవాబు 1: దూది పీల్చుకున్నట్టు లేదూ?

జవాబు 2: ఉంది, ఒప్పుకుంటాను. కానీ అమీన్ గుంపు (నైట్రోజన్ ఉన్న పరమాణువుల గుంపు) తగిలించిన అయానిక ద్రవాలతో కార్బన్ డయాక్సైడ్ రసాయనికంగా కలిసిపోతుంది. దాన్ని ఉత్త "కరగడం" అంటే తప్పు. తక్కెడకు ఆ తేడా తెలియదు, "పీల్చుకుంది" రెంటికీ సరిపోతుంది. ఇంకో మాట, హెన్రీ స్థిరాంకం దగ్గర "ఎక్కువ" అని రాసేటప్పుడు జాగ్రత్త. పీడనాన్ని కరిగిన వాయువు మోల్ భాగంతో (ద్రావణంలోని మొత్తం మోల్‌లలో దాని వాటాతో) భాగిస్తే వచ్చేది కదా, అది పెరిగితే కరగడం తగ్గినట్టు. బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌లో కార్బన్ డయాక్సైడ్‌కు 25 డిగ్రీల దగ్గర అది సుమారు 53 బార్, 50 డిగ్రీల దగ్గర సుమారు 81. అంటే వేడికి ఉప్పు కరుగుతుంది, వాయువు కరగడం మానేస్తుంది!

అడిగినవారు: ఈ వాక్యం నా వ్యాసంలోకి తీసుకుంటున్నాను. మొదటిదాన్ని ఇలా మార్చాను: "ద్రవ ఉప్పు కార్బన్ డయాక్సైడ్‌ను బాగా పీల్చుకుంటుంది."

జవాబు 1: ద్రవ ఉప్పా! సంస్కృతం మాటకు తెలుగు మాట అతికించిన వైరి సమాసం. "ద్రవ లవణం" అనండి.